మైసన్న చేసిన పెండ్లి

"ఈ బస్సు గూడ పోయె."

"పోనీ. మెట్ల మీద గూడ నిలవడ్డరు జనం. ఆ కాలుతోని ఎట్లెక్కుతవు నువ్వు?"

"దీనికి ముందుగాల్ల పోయింది ఖాళీగనే ఉండె గద."

"గప్పుడు చాయ తాగి పోదామన్నవు."

"నేనన్ననా?"

"నువ్వే. అన్నవు గాని తాగలే."

"నువ్వు గూడ అద్దాలు మర్చిపోయిన, ఇంటికి పోయొస్త అన్నవు. అద్దాలు నీ సంచిలనే ఉండె."

"చూస్కోలే."

ఎల్లారెడ్డి బస్టాండు అరుగు మీద సాయిలు, మంగవ్వ ఎనిమిదింటి నుంచి కూర్చొని ఉన్నారు. పోవలసింది కామారెడ్డి. అక్కడ పెద్ద దవాఖానాలో నర్సు పని చేసే కూతురు త్రివేణి నిన్న ఫోన్ చేసి ఇద్దరినీ రమ్మంది. రెండు బస్సులు వెళ్లిపోయాయి. సాయిలుకు లేవబుద్ధి కాలేదు. పెళ్లానికి కూడా కానట్టే అనిపించింది గాని, ఎందుకో అడగబుద్ధి కాలేదు.

"త్రివేణి ఏమన్నదో మల్లొక్కసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె? రాత చీటిల ఆయన పేరు అబ్రాహాము అని ఉన్నదట. అందుకే పోల్చలేదు పిల్ల. సూది ఏసేటప్పుడు 'ఏ ఊరు బిడ్డా' అన్నడట. తిప్పారం అన్నదట. 'తిప్పారంల ఎవరి బిడ్డవు' అన్నడట. మన పేర్లు చెప్పిందట. అంతే, చెయ్యి పట్టుకొని ఇడువలేదట. 'మీ అమ్మ, బాపు పెండ్లి నేనే చేసిన, నేను మైసన్నను' అన్నడట."

"ఇంక?"

"ఇంకేమున్నది? ఊపిరితిత్తులు ఖరాబైనయి. రెండు రోజులో మూడు రోజులో అన్నరట డాక్టర్లు."

"అది గాదు. నిన్న ఫోన్ల మాట్లాడుకుంట మాట్లాడుకుంట గోడ దిక్కు తిరిగినవు. ఏదో చెప్పింది నీకు."

"ఏం చెప్పలే."

"మంగవ్వా."

"మీ బాపును తోలుకరా, ఒక మాట చెప్పేదున్నది అన్నడట."

"నాకా?"

"నీకే."

"నాకే అన్నడా, మీ ఇద్దరికని అన్నడా?"

"బాపును అన్నడట. ఇగ నన్నడుగకు. అగో, ఇంకో బస్సు. ఎక్కుతవా, దీన్ని గూడ పంపుదమా?"

"ఎక్కుదాం. ఎక్కక ఏం జేస్తం."

*

"ఆధార్ చూపెట్టు అవ్వా. ఆఁ, సరే. పెద్దాయనకు టికెట్టు ఎక్కడికి?"

"కామారెడ్డి."

"దవాఖానకా?"

"ఎట్ల తెలిసె నీకు?"

"ఈ టైముకు మీ ఈడోల్లు ఎక్కితే దవాఖానకే గద బాపు. జెర లోపలికి జరుగుండ్రి."

కండక్టర్ వెనక్కి పోయాడు. సాయిలు కిటికీ పక్క సీటు భార్యకు ఇచ్చి, బిగుసుకున్న కాలును నడిమి దారిలోకి చాపుకున్నాడు.

"ఏం చెప్తడంటవు?"

"నాకేం ఎర్క?"

"ముప్పై ఆరేండ్లాయె. పిలిపిచ్చి మరీ చెప్తనంటుండంటే ఏదో ఉండే ఉంటది."

"సావంగ మనుషులకు ఏవేవో యాదికొస్తయి. అయినా నువ్వెందుకు గంత పరేషాన్ అయితున్నవు? చెప్పేది నాకు గద."

"నేనేం పరేషాన్ అయితలేను."

"కొంగు నలిపి నలిపి తాడు చేసినవు."

"నువ్వు ఆ టికెట్టును గోలి చేసినవు. చెకింగోల్లు వస్తే ఏం చూపెడ్తవు?"

"ఊకో జెర."

"ఊకున్న. నేనేమన్న ఇప్పుడు?"

"గాలొస్తుందా నీకు?"

"వస్తుంది. ఆయన పోలీసోల్లకు లొంగిపోయి ఎన్నేండ్లాయె?"

"ఇరవై దాటినయి గావచ్చు. కామారెడ్డిలనే సైకిల్ దుకాణం పెట్టిండని విన్న. చర్చి పక్కపొంటి. ఆ చర్చిలనే కలిసి పేరు మార్చుకున్నడు."

"ఇన్నేండ్లు కామారెడ్డిలనే ఉండె. నువ్వు ఒక్కనాడన్న పోకపోతివి."

"నువ్వు పోయినవా?"

"లే."

"మరి?"

"మరేం లేదు. ఇద్దరం పోలేదు అంటున్న."

బస్సు అడవి దారి పట్టింది. అటూ ఇటూ మోదుగ చెట్లు, మధ్యలో కొత్తగా వేసిన తారు రోడ్డు. ఒకప్పుడు ఈ దారిన పొద్దుగూకితే బస్సు నడిచేది కాదు. చుట్టుపక్కల ఊళ్లలో మైసన్న నడిపిన నక్సలైట్ల దళం మాటే చట్టం. ఎవరు ఎవరికి దండం పెట్టాలి, ఎవరు ఏం తాగకూడదు, ఎవరు ఎవరిని పెళ్లాడాలి అన్నీ వాళ్లే తేల్చేవారు.

"అగో, ఆ చెట్ల కాడనే గద పోలీసోల్లు నన్ను జీపెక్కిచ్చింది."

"గక్కడ కాదు. ఇంకా ముంగట, కల్వర్టు కాడ."

"ఎక్కినోన్ని నాకు తెల్వదా?"

"జీపు ఎనుక ఉరికినదాన్ని నాకు తెలుసు. కల్వర్టు కాడ నా చెప్పు తెగింది."

"కల్వర్టేనా?"

"కల్వర్టే."

"ఏమో. మొకం మీద తువ్వాల కప్పిండ్రు నాకు. వాండ్లు ఏమడిగిండ్రో చెప్పిన్నా నీకు? 'తాళి లేని పెండ్లి ఏం పెండ్లిరా' అని ఒక దెబ్బ. 'దండలు ఎవడు తెచ్చిండురా' అని ఒక దెబ్బ. తుపాకులు యాడున్నయి అని ఒక్కడు అడగలే. దండల కోసం ఇరిగింది ఈ కాలు."

"గన్నేరు దండలు. బడి పిల్లలు కట్టిండ్రు."

"గప్పుడే చెప్తే అయిపోవు గద."

"నన్ను ఎవరడిగిండ్రు?"

"నవ్వకు."

"నవ్వుతలేను. నీ కాలు యాదికొస్తే నాకు నవ్వొస్తదా? పదిహేను దినాలకు ఇంటికి తెచ్చి పడేసిండ్రు. మీ అవ్వ గుమ్మం దాటి రాలే. నేనే తానం పోసిన, నేనే పసుపు పెట్టిన."

"ఎర్కనే. నేనేం మర్చిపోలే."

"మర్చిపోయినవని నేనన్ననా?"

"మా అవ్వ ఆరు నెలలు నీ చేతి నీల్లు తాగలే. నేను గూడ తాగలే. గది గూడ మర్చిపోలే."

"అయ్యో, ఇప్పుడెందుకయ్యా అవన్ని?"

"ఆయన్ని చూడపోతున్నం గద. అందుకే యాదికొస్తున్నయి. పెండ్లి చేసి ఆయన అడివిల వడ్డడు. దెబ్బలు నేను తిన్న. ఎంత ధైర్యమో ఆయనకు! సారా బందు, జూదం బందు, కట్నాలు బందు, మంత్రాలు బందు. పోచమ్మ ముంగట శివాలూగుడు బందు. జోగిని అన్న మాటనే బందు. ఎల్లుండి నుంచి ఊరు మారాలె అంటే మారాలె."

"కొన్ని మంచియే గద."

"మంచియి గాదని నేనెప్పుడన్న? అడగకుంట చేసిండ్రు. ఎవ్వల్నన్న అడిగిండ్రా? పటేలు ఉన్నప్పుడు పటేలు మాట, వాండ్లచ్చినంక వాండ్ల మాట. మనకు గట్లనే, గిట్లనే."

"గట్లనే అనకు."

"ఏం తప్పన్న?"

"నీకు గట్లనే కావచ్చు. నన్ను ఏడేండ్లప్పుడు పోచమ్మకు ఇడిసిండ్రు, వానలు పడలేదని. వానలు పడ్డయో లేదో తెల్వది. పద్నాలుగేండ్లు వచ్చినకాడినుంచి నా తలుపుకు గొళ్లెం లేకుండె. ఉండొద్దన్నరు. అన్న వచ్చినంక వడ్లాయన్ని పిలిచి గొళ్లెం పెట్టిచ్చిండు. ఆ దినం పగటీలి తలుపేసుకొని పన్న. పొద్దూకేదాంక లేవలే. గందుకే గట్లనే అనకు."

"సరే. అనను."

"పటేలుతోని నా కాల్లు మొక్కిచ్చిండు బడి ముంగట."

"నేను చూసిన. ఆయన పంచె ఊడింది."

"గప్పుడు గూడ నాకు నవ్వు రాలే. ఊరంత నవ్విండ్రు. నాకేమో ఆయన లేచి ఇంటికి పోయినంక ఏం జేస్తడో అని బుగులు."

"ఏం జేస్తడు? తెల్లారే హైదరాబాదు పోయిండు."

"తర్వాత అన్నలు గూడ జెర ఎక్కువనే చేసిండ్రు. అది గూడ చెప్పాలె. నా గజ్జెలు గుంజుకొని బాయిల ఏసిండ్రు. నెల తిరగకముందే కొత్త గజ్జెలు తెచ్చి మీటింగుల ఆడుమన్నరు. పోచమ్మ పాట తీసేసి పార్టీ పాట పెట్టిండ్రు. ఏడూర్లల్ల ఆడిన. 'ఈమెనే జోగిని, ఇప్పుడు ఇడుదలైంది' అని మైకుల చెప్పుడు, నేను లేసి నిలవడుడు. జనం నన్ను చూసుడు. ఆ చూసుడు మాత్రం మారలే."

"నాకెన్నడు చెప్పలే గిది."

"నువ్వు గూడ వచ్చేటోనివి గద ఎంబడి. 'ఈయననే చేసుకున్నడు, ఆదర్శం' అని నిన్ను గూడ నిలవెట్టిండ్రు."

"నేను నేల దిక్కు చూసేది."

"నాకెర్క. నేను నిన్నే చూసేది."

*

ఫోన్ మోగింది. మంగవ్వ సంచిలో వెతికి తీసేసరికి ఆగిపోయి మళ్లీ మోగింది. వినపడదని స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ఎక్కడిదాంక వచ్చిండ్రు?"

"లింగంపేట దాటినం బిడ్డ."

"ఇప్పుడా? నేను పొద్దుగాల్ల బస్సుకే రమ్మంటి గద!"

"జనం ఉన్నరు బిడ్డ. మీ బాపు కాలు..."

"సరే సరే. జల్ది రండ్రి. తాతకు జెర సీరియస్ అయింది. మాస్కు పెట్టినా తీసేస్తుండు. ఊకె మీ గురించే మాట్లాడుతుండు."

"ఏం మాట్లాడుతుండు?"

"బాపు, నువ్వు గూడ ఉన్నవా? ఏదేదో చెప్తుండు. అమ్మ ఆట గురించి చెప్పిండు. బడి ముంగట పెండ్లి, గన్నేరు దండలు, అన్ని చెప్పిండు. నాకైతే కండ్లల్ల నీల్లు వచ్చినయి. మా కాలేజీల నేను మీ పెండ్లి సంగతి ఎంతమందికి చెప్పిన్నో! ఆ పెండ్లి చేసినాయనకు నా చేతితోనే సూది ఏస్తున్న అంటే..."

"ఇంకేం చెప్పిండు బిడ్డ?"

"మీ బాపు మంచోడు అన్నడు. అని ఏడ్చిండు."

"ఎందుకు ఏడ్చిండు?"

"ఏమో బాపు. నేనడిగిన. 'మీ బాపు రానీ, ఆయనకే చెప్త' అన్నడు. నేనిగ పోతున్న, డాక్టర్ రౌండుకు వచ్చిండు. జల్ది రండ్రి."

ఫోన్ ఆగింది. కొంతసేపు ఇద్దరూ ముందు సీటు వెనక రాసి ఉన్న ఎవరో ప్రేమికుల పేర్లు చూస్తూ కూర్చున్నారు.

"ఏడ్చిండట."

"విన్న."

"అంత మొండి మనిషి. ఎన్నడన్న ఏడ్వంగ చూసినమా?"

"ముసలోడైండు గదనయ్యా."

"నిన్నొకటి అడుగుత. చెప్తవా?"

"ఏంది?"

"ఏం లేదు. తర్వాత అడుగుత."

"సరే. నేనొకటి అడుగుత. పోయినేడు సదాశివనగర్ పెండ్లిల రాజమణి కనపడ్డది గద నీకు."

"ఎవరు?"

"రాజమణి. రామారెడ్డి ఊర్ల ఉండే మీ మేనమామ బిడ్డ."

"కనపడ్డదేమో. చుట్టాల పెండ్లి, అందరొస్తరు."

"నువ్వు లేసి బీడీ తాగొస్త అని బయటికి పోయినవు."

"అయితే?"

"నువ్వు బీడీ బందు చేసి పదేండ్లాయె."

"ఎందుకిప్పుడు ఆ ముచ్చట?"

"ఊకెనే. ఆమె నాతోని మంచిగనే మాట్లాడింది. 'మా బావ కాలు ఎట్లున్నది' అన్నది. నా పక్కనే కూసొని బువ్వ తిన్నది."

"నాకు చెప్పలే."

"నువ్వు అడగలే."

"మంగవ్వా, ఇడిసిపెట్టు."

"ఇడిసిపెట్టిన. నేనేం పట్టుకొని లేను."

"మూడు పెండ్లిల్లు చేసిండు ఆ దినం. బాలవ్వను చేసుకున్నోడు ఏడాదికే బొంబాయి పోయిండు, మల్ల రాలే. సాయవ్వను చేసుకున్నోడు తాగి తాగి సచ్చిండు. మనదే నిలవడ్డది. ఇగ దాన్ని తవ్వుడెందుకు?"

"నిలవడ్డదంటవా?"

"నిలవడలేదా?"

"నేనే అడుగుతున్న."

మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి మంగవ్వ సంచి ఒళ్లోనే పెట్టుకొని ఉంది గాని, తీయలేదు. సాయిలే తీసుకొని చెవికి పెట్టుకున్నాడు.

"ఆఁ బిడ్డ... ఆఁ... ఎప్పుడు?... అయ్యో... నువ్వు పక్కనే ఉన్నవా?... ఏమన్న అన్నడా?... లేదా... సరే... ఏడ్వకు బిడ్డ. ఊకో. నువ్వు ఎంతమందిని చూడలే... సరే. బస్టాండులనే ఉంటం. నువ్వు రా."

"పోయిండా?"

"పోయిండు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇంత ముందట్నే. నోరు తెరిచిండట, మాట రాలేదట. చర్చోల్లు వచ్చి తీస్కపోతరట. త్రివేణి డ్యూటీ దిగినంక బస్టాండుకు వస్తనన్నది. అందరం కలిసి పోదామన్నది."

"అయ్యో అన్నా."

"మొదటి బస్సు ఎక్కితే అందుదుము."

"అందుదుము."

"రెండో బస్సు ఎక్కినా అందుదుము."

"అందుదుమయ్యా. అంటున్న గద."

*

కామారెడ్డి బస్టాండులో జనం పలచగా ఉన్నారు. సాయిలు, మంగవ్వ ఒక సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. సాయిలు రెండు చాయలు తెచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

"తాగు. చల్లగైతది."

"తాగుత."

"నిజం చెప్పాల్నా? పోయిండు అని వినంగనే పానం హాయి అనిపిచ్చింది. తప్పే గాని అనిపిచ్చింది."

"ఎందుకట్ల?"

"ఆయన చెప్పే మాట నాకెర్క. గది నువ్వు వినొద్దని, త్రివేణి వినొద్దని రెండు బస్సులు ఇడిసిన. ఇప్పుడు ఎరుకైనోల్లు ఎవరు లేరు. నేనొక్కన్నే ఉన్న."

"ఇగ చెప్పకు మరి."

"ఎట్ల? బిడ్డ ఇప్పుడొచ్చి ఏడుస్తది. ఆదర్శం, గొప్పోడు అంటది. నాకు చేతనైతలేదు మంగవ్వా. ముప్పై ఆరేండ్లు మోసిన. అలిసిపోయిన."

"అలిసిపోతే కూసో. చెప్పుడెందుకు?"

"విను. మీటింగుల నా పేరు పిలిచిండు చూడు, 'సాయిలు ముంగటికి రా' అని. ఊరంత చప్పట్లు కొట్టిండ్రు. గప్పటికే రాజమణికి చీర గూడ కొనిపెట్టింది మా అవ్వ. తెల్లారే నేనొక్కన్నే అడివికి పోయిన. వాగు అవతల బండ కాడ కూసొని ఉన్నడు ఆయన. కాల్ల మీద వడ్డ."

"సాయిలూ."

"విననీ... అన్నా నన్ను ఇడిసిపెట్టు, ఇంకెవరినన్న చూడు అన్న. ఎందుకురా అన్నడు. మేనమామ బిడ్డ ఉన్నదన్న. అది చాలకపాయె. ఇంకో మాట అన్న. 'ఊరందరు ముట్టినదాన్ని నా ఇంట్లకెట్ల తెచ్చుకోను' అన్న. నిన్ను. నిన్నే అన్న ఆ మాట."

మంగవ్వ చాయ గ్లాసును బల్ల మీద పెట్టింది.

"గా మాట అన్న నోటితోనే నీ చేతి బువ్వ తిన్న ఇన్నేండ్లు. నువ్వు నా కాలు కడిగినప్పుడు చెప్దామనుకున్న. త్రివేణి పుట్టినప్పుడు చెప్దామనుకున్న. నోరు రాలే. చెప్పు దెబ్బ కొట్టు ఇప్పుడు. ఎవరేమనుకున్నా సరే."

"చాయ తాగు. నీది గూడ చల్లగైతుంది."

"గంతేనా?"

"నాకెర్క గా మాట."

"ఏంది?"

"ఎర్క అంటున్న. ఎప్పటి నుంచో."

"ఎట్లెర్క? మేమిద్దరమే ఉంటిమి గక్కడ."

"అన్ననే చెప్పిండు. నువ్వు అడివికి పోయొచ్చిన దినమే. పొద్దు వాలంగ మా ఇంటికి వచ్చిండు. తుపాకి బయట గోడకు ఆనిచ్చి, అరుగు మీద కూసొని చెప్పిండు. నువ్వు ఏడ్చింది చెప్పిండు. రాజమణి సంగతి చెప్పిండు. గా మాట గూడ ఉన్నదున్నట్టు చెప్పిండు."

"గా మాట తెలిసి... తెలిసి నా పక్కన దండేసుకొని నిలవడ్డవా?"

"నిలవడ్డ."

"నిన్ను గూడ బలిమి చేసిండన్నట్టు. నేనొక్కన్నే అనుకున్న. ఇద్దరి మెడల మీద పెట్టిండు కత్తి."

"నన్నెవరు బలిమి చెయ్యలే."

"మరి?"

"నీ పేరు నేనే ఇచ్చిన."

"ఏం పేరు? ఎవరికి?"

"మీటింగుకు ముందు అన్న మా ముగ్గురిని కూసోబెట్టి అడిగిండు. ఎవరి మీదనన్న మనసున్నదా, చెప్పుండ్రి, నేను మాట్లాడుత అన్నడు. బాలవ్వ, సాయవ్వ కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చిండ్రు. నేను సాయిలు అన్న."

"నేనెందుకు? నీతోని నేనెన్నడు నిలవడి మాట్లాడింది లే."

"ఒక్కసారి మాట్లాడినవు. నువ్వు బండి తోలుకొని వస్తున్నవు, నేను నీల్ల బిందెతోని దారిల పోతున్న. 'మంగవ్వా, జెర జరుగు, ఎడ్లు బెదురుతయి' అన్నవు."

"అంటే?"

"అంతే."

"గంత మాటకా?"

"నీకు గంతనే. ఊర్ల అందరు 'జోగుదానా' అని పిలిచేటోల్లు. చిన్నపోరగాండ్లు గూడ. నా పేరు మా అవ్వ సచ్చినంక నేను మల్ల విన్నది గా ఒక్కనాడే."

"నాకు యాది గూడ లేదు మంగవ్వా."

"నీకెందుకు యాదుంటది? నీకు ఎడ్ల మీద ధ్యాస."

ఎదురుగా ఎల్లారెడ్డి బోర్డు పెట్టుకున్న బస్సు వచ్చి నిలిచింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. సాయిలు చేతిలోని గ్లాసును చాలాసేపు చూసి బల్ల కింద పెట్టాడు. కోపం రావాలనుకున్నాడు. వెతికినా దొరకలేదు, కాలు మాత్రం సలుపుతోంది.

"పేరు ఇస్తే ఇచ్చినవు. నీదేం తప్పు లేదు. పిల్లవు, ఇరవై ఏండ్లు. ఆయన అడిగిండు, నువ్వు చెప్పినవు. తప్పంత ఆయన్దే."

"ఆయన్దే అంటవా?"

"మరెవరిది? నేను కాల్ల మీద పడి ఏడ్చిన గద. కనికరం లేకపాయె. రేపు కబురు చెప్త పో అన్నడు. తెల్లారి కబురొచ్చింది, ఎల్లుండి పన్నెండింటికి బడి కాడికి రా అని. నా మాట విననే లే."

"అగో, త్రివేణి వస్తుంది. గేటు కాడ."

"కండ్లు ఎట్ల ఉబ్బినయి చూడు పిల్లకు. దానికి ఇప్పుడేం చెప్పకు. అడిగితే గింతే చెప్దాం. మీ బాపు వద్దన్నడు, మైసన్న వినలే. గంతే. సచ్చినోడు ఎట్లాగు ఏమనడు."

"గట్ల చెప్పకు. విన్నడు."

"ఏంది?"

"అన్న విన్నడు నీ మాట. నిన్ను ఇడిసిపెడ్దామన్నడు. నేనే వద్దన్న."